పాత బ్యాచ్‌లతో పాటల బృందం కట్టడం ఎలా?

బడి వాట్సాప్ గ్రూపులో "కలిసి పాడుకుందామా?" అని అడిగితే బొటనవేళ్లు బోలెడు లేస్తాయి. పిలిచిన రోజు వచ్చేది పది పన్నెండు మందే. చాలు, మొదలుపెట్టేయండి. గొంతు పరీక్షలు వద్దు. వారానికో రోజు, గంటన్నర, ఒకే చోటు, ఒకే టైము. హార్మోనియమో, ఫోన్లో శృతి యాప్పో ఉంటే సరిపోతుంది. కరోకే ట్రాక్ మాత్రం నా దగ్గర నిషేధం. ట్రాక్ శృతి మార్చుకోవచ్చు కదా అంటారు. మార్చుకోవచ్చు, కానీ మనం ఊపిరి కోసం ఆగితే అది ఆగదు.

మొదటి పాట బడి ప్రార్థన గీతమే. అందరికీ వచ్చనుకుంటారు గానీ, రెండో చరణం దగ్గర ఒక్కో బ్యాచ్ ఒక్కో మాట పాడుతుంది. ముందే ఒక పాఠం ఖాయం చేసి, పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయండి. ఇప్పుడు సగం మందికి కళ్లజోళ్లున్నాయి.

ఇక శృతి, అంటే పాటకు ఆధారంగా పట్టుకునే 'స' ఎత్తు. నేను చూసిన బృందాల్లో ఎక్కువ ఇక్కడే చెడ్డాయి.

బడిలో ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే స్థాయిలో (స నుంచి పై స దాకా ఒక స్థాయి) పాడారు. తర్వాత మగపిల్లల గొంతు మారి దాదాపు ఒక స్థాయి కిందికి దిగింది. ఆడవాళ్ల గొంతు కూడా కొంత దిగుతుంది. జ్ఞాపకం మాత్రం దిగదు. ఎవరో పాత అలవాటుతో పాట అందుకుంటారు, పల్లవి హాయిగా సాగిపోతుంది. చరణంలో పై షడ్జమం (పై స) దాటే చోట ముందు వరసలో ఒకాయన మడమలు పైకి లేస్తాయి, మెడ నరం ఉబ్బుతుంది. వెనక ఇద్దరు పెదాలు మాత్రం కదుపుతుంటారు. ఆ ఇద్దరూ పై వారం రారు. అడిగితే ఏదో పని పడిందంటారు.

అందుకే పల్లవి పాడి శృతి చూడకండి. పాటలో అన్నిటికన్నా పైకి వెళ్లే పంక్తి పట్టుకోండి. ఆడవాళ్లకు మామూలుగా ఐదు, ఐదున్నర శృతి హాయి, మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర (ఒకటి అంటే హార్మోనియం మీద C, ఐదు అంటే G). ఏ ఒక్కరిదీ రెండోవాళ్లకు అంటగట్టొద్దు. ఆ ఒక్క పంక్తినే తక్కువ శృతిలో మొదలుపెట్టి, అర శృతి చొప్పున, అంటే హార్మోనియం మీద పక్క మెట్టుకు, పెంచుతూ పాడించండి. మగవాళ్లు ఒక స్థాయి కింద పాడతారు. బాగా పాడేవాళ్లను వినకండి, అందరికన్నా బలహీనమైన గొంతును వినండి. అది బిగుసుకోగానే ఒక శృతి తగ్గించండి. అర కాదు, ఒకటి. స్టేజీ మీద టెన్షన్‌కి ఆ మిగతా అర కావాలి.

తర్వాత అన్నిటికన్నా కిందికి దిగే పంక్తి పాడించండి. మాటలు వినపడకుండా గొణుగుడైపోతే, ఆ పంక్తి మగవాళ్లకో ఆడవాళ్లకో ఒక్కరికే ఇచ్చేయండి. తేలిన శృతి ఆ పాట కాగితం మీదే రాయండి, ఎందుకంటే పాట పాటకీ అది మారుతుంది. "మా బ్యాచ్‌లో ఇంకా పైన పాడేవాళ్లం" అనే సీనియర్ అన్న ఎక్కడైనా ఉంటాడు. అవునన్నా అని, శృతి మాత్రం కదపకండి.

పాట అందుకునేది ఎప్పుడూ ఒక్కరే, అదీ శృతి పూర్తిగా విన్నాక. నెలకోసారి పాట మధ్యలో యాప్ ఆపేసి, చివరి మాట దగ్గర మళ్లీ ఆన్ చేయండి. అర శృతి జారితే ఫర్వాలేదు. ఒకటి దాటితే ఆ రోజుకి కొత్త పాట ఎత్తకండి.