నెల్లూరులో ఇల్లు మారారా? ముందు నీళ్ల సంగతి చూసుకోండి

ఒంగోలు నుంచి వచ్చి నెల్లూరు వేదాయపాళెంలో దిగిన రోజు మేం చేసిన తప్పు, రాగానే అట్టపెట్టెలు విప్పడం. సాయంత్రానికి ఇల్లంతా కాగితాలు, తాళ్లు. తాగడానికి మాత్రం బిందెడు నీళ్లు లేవు. అందుకే ఏది ముందు చూసుకోవాలో, ఏది తర్వాత చూసుకున్నా పర్లేదో చెబుతున్నా.

సామాను లారీ ఎక్కించక ముందే ఒక సంచి విడిగా కట్టుకోండి. పాలగిన్నె, దేవుడి పటం, ఉప్పు, పసుపు, బియ్యం, అగ్గిపెట్టె, చార్జర్లు, రెండు దుప్పట్లు. ఈ సంచి మీ చేతిలోనే రావాలి. పాత చీపురు తేకూడదంటారు, తేకండి. కొత్తది ఎలాగూ మొదటి గంటలోనే కావాలి. దర్గామిట్ట వైపు దిగుతుంటే మొహర్రం ఎప్పుడొస్తుందో కూడా చూసుకోండి. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ జరిగే రోజుల్లో ఆ రోడ్ల మీద సామాను లారీ అంటే టెన్షనే.

పాలు పొంగించాక కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీయండి. పాత బిల్లు బాకీ ఉందేమో ఓనరును అడగండి. గోడల చెమ్మ, విరిగిన గడియ, కారే కొళాయి అన్నీ ఫొటోలు తీసి అదే రోజు వాట్సాప్‌లో ఆయనకు పంపండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు దగ్గర వాదన రాకుండా ఉంటుంది.

ఇక నీళ్లు. మున్సిపల్ కొళాయి ఏ టైముకి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, బోరు మోటారు ఎవరు వేస్తారు, సంపు ఎప్పుడు కడిగారు? ఇవి ఓనరు కన్నా పక్కింటివాళ్లే సరిగ్గా చెబుతారు. బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా ఉంటే తెలిసిపోతుంది. సబ్బు నురగ రాకపోయినా అనుమానించండి. మా ఇంట్లో మొదటి రోజు కందిపప్పు ఆరు విజిళ్లు వచ్చినా పలుకుగానే ఉంది. కుక్కరు పాడైందనుకుని వాషర్ మార్చబోయాను. పక్కింటి అక్క గుమ్మంలో నిలబడి చూసి నవ్వింది. "ఏందమ్మా, బోరు నీళ్లు పోసినావా? ఈ నీళ్లతో పప్పు ఉడకదు" అని వాళ్లింట్లోంచి చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ రోజు నుంచి వంటకు, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను, మిగతా పనులకు బోరు.

నీళ్ల విషయంలో ఇంకో ప్రశ్న ఉంది. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మీరు ఎండాకాలంలో దిగితే వీధి పొడిగానే కనిపిస్తుంది. "2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు మన వీధి ఎట్లా ఉండింది?" అని అడగండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. గ్రౌండ్ ఫ్లోరయితే బీరువా, ఫ్రిజ్ ఎత్తు మీద పెట్టుకోండి. గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల కింద నీళ్లు నిలుస్తాయి. పిల్లల బడి రైలు కట్టకు అవతల ఉంటే, ఇంకో దారి ముందే ఒకసారి బండి మీద వెళ్లి చూసుకోండి.

కాగితాల పని మొదటి నెలలో అయితే చాలు. గ్యాస్ కనెక్షన్ బదిలీ, ఆధార్‌లో అడ్రసు, ఓటు మార్చుకోవడానికి ఫారం 8. మీ వార్డు సచివాలయం ఎక్కడుందో తెలుసుకోండి. కరెంటు పోతే ఫిర్యాదుకు 1912.

ఇరుగుపొరుగుతో పరిచయానికి ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు. సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుంటే చాలు, "కొత్తగా దిగినారా? ఏ ఊరు మీది?" అని వాళ్లే మొదలుపెడతారు. జీతం, కులం దాకా అడుగుతారు. చెప్పాలనుకున్నంత చెప్పండి, కోపం మాత్రం తెచ్చుకోకండి. మూడో రోజు పక్కింటి అక్క మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు పంపింది, "ఇప్పుడే తినొద్దు, రేపటికి బాగుంటది" అన్న మాటతో సహా. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఒంగోలు నుంచి తెచ్చుకున్న మైసూరుపాకు నాలుగు ముక్కలు వేసిచ్చాను. ఆ గిన్నె ఇప్పటికీ రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది. అసలు ఎవరిదో ఇద్దరం మర్చిపోయాం.