కథల యాప్‌కి పాప అసలు పేరెందుకు?

పిల్లలకు కథల యాప్ వేసిచ్చేటప్పుడు మొదటి ఐదు నిమిషాలు ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి. చాలా యాప్‌లు తెరవగానే పేరు, పుట్టినరోజు, ఫొటో అడుగుతాయి. మా పాప పేరు దగ్గర నేను 'బుజ్జి కుందేలు' అని కొట్టాను. కథ మధ్యలో "బుజ్జి కుందేలూ, రా!" అని పిలిస్తే దానికి ఇంకా సంబరం! పుట్టినతేదీ తప్పదంటే సంవత్సరం సరిగ్గా ఇచ్చి, జనవరి 1 పెట్టేయండి. వయసు మాత్రం పెంచి చెప్పకండి, పెద్దలకు చూపించే ప్రకటనలు వచ్చి పడతాయి.

అసలు సంగతి పర్మిషన్లది. ఆండ్రాయిడ్‌లో యాప్ బొమ్మను కాసేపు నొక్కిపట్టి 'యాప్ ఇన్ఫో'లోకి వెళ్తే 'పర్మిషన్స్' కనిపిస్తాయి. కథ చెప్పడానికి లొకేషన్, కాంటాక్ట్స్ దేనికి? మొహమాటం లేకుండా తీసేయండి. పిల్లలు చదివింది రికార్డు చేసే సరదా ఉంటే, మైక్‌కి 'ప్రతిసారీ అడగాలి' అని పెట్టండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లోని ప్రైవసీలో 'ట్రాకింగ్' ఉంటుంది, అంటే వేరే యాప్‌లలో, సైట్లలో మనం ఏం చేస్తున్నామో గమనించడం. దానికి యాప్‌లు అనుమతి అడిగే వీలే లేకుండా అక్కడ ఆపేయొచ్చు.

ఇంకోటి, యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదు. ముందు యాప్ లోపలే అకౌంట్ డిలీట్ చేసి, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేయండి.