రైఫిల్ చేయించే ముందు తూటా తేల్చుకోండి: ఒడిశా సరిహద్దు జిల్లాల వారికి జాగ్రత్తలు

గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో మొక్కజొన్న కంకి గింజ పట్టే వేళకు అడవిపందులు చేలలోకి దిగుతాయి. ఆ రోజుల్లోనే తుపాకుల మాట కూడా లేస్తుంది. తాతల నాటి 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) వదిలి రైఫిల్ చేయించుకుందామనే రైతులు ఒకవైపు, దూరపు గురి పోటీలకు వెళ్దామనే కుర్రాళ్లు మరోవైపు. ఇద్దరూ చేసే తప్పు ఒకటే. ముందు రైఫిల్ నచ్చుతుంది, స్కోప్ (గురి చూసే దుర్బిణి) నచ్చుతుంది, చెక్క నచ్చుతుంది. తూటా సంగతి చివర్లో చూసుకుందామంటారు. రైఫిల్లో ఛాంబర్ (తూటా కూర్చునే గూడు) కోత, బోల్ట్ (ఆ గూటిని వెనక నుంచి మూసే గడియ) ముఖం, యాక్షన్ (బోల్ట్ జరిగే ఉక్కు భాగం) పొడవు, మ్యాగజైన్ (తూటాల అర), గొట్టంలో మెలిక (గుండును తిప్పే గాడి), అన్నీ ఆ ఒక్క తూటా కొలతకే చేస్తారు. కోసిన ఉక్కును మళ్లీ అతికించలేం.

ఇక్కడ తూటా అంటే ఇత్తడి కేసు, మందు, ప్రైమర్ (మందు అంటించే అడుగు బిళ్ల), గుండు అన్నీ కలిసినది. గుండు అంటే గొట్టంలోంచి బయటికి పోయే భాగం మాత్రమే. దుకాణంలో ఈ రెండు మాటలూ కలగాపులగం అవుతాయి, తప్పులు అక్కడే మొదలవుతాయి.

మొదటి జల్లెడ కాగితం, అంటే లైసెన్సు. అమెరికా వీడియోలు చూసినవారు ముందుగా అడిగేది .308 విన్‌చెస్టర్. అక్కడ అది మంచి ఎంపికే. ఇక్కడ మామూలు లైసెన్సు మీద రాదు. సైన్యం వాడే 7.62 తూటా దూరి పేలగల ఏ రైఫిలైనా మన ఆయుధ నిబంధనల ప్రకారం నిషేధిత బోరే. .308 ఛాంబర్లో 7.62×51 తూటా పడుతుంది కాబట్టి అది ఆ కోవలోకి వస్తుంది. .303 కూడా అంతే. నిషేధం లేని బోర్లలో మనవాళ్లకు నిజంగా అందేవి .315, .30-06, చిన్నవాటిలో .22. .315 రైఫిల్‌ను ఈశాపూర్ ఫ్యాక్టరీ చాలా కాలంగా చేస్తోంది, తూటాలూ దేశంలోనే తయారవుతాయి. 6.5 క్రీడ్‌మూర్, 7 ఎం.ఎం. రెమింగ్టన్ మ్యాగ్నమ్, .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ (మ్యాగ్నమ్ అంటే ఎక్కువ మందు పట్టే తూటా) గొప్పవే కావచ్చు. కానీ వాటి తూటాలు దిగుమతి కావాలి, ఆ దారి గుర్తింపు పొందిన క్రీడాకారులకే కొంత తెరిచి ఉంటుంది. తూటా దొరకని రైఫిల్ గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

అందుకని రైఫిల్‌కు బయానా ఇచ్చే ముందు లైసెన్సున్న డీలర్ దగ్గరికి వెళ్లి, మీరు అనుకున్న తూటా ఇప్పుడు షెల్ఫ్ మీద ఉందా, ఏ తయారీ, గుండు బరువు ఎన్ని గ్రెయిన్లు, పోయిన ఏడాది ఎన్నిసార్లు వచ్చింది అని అడగండి. "తెప్పిస్తాను" అన్న మాట లెక్కలోకి రాదు. లైసెన్సులో బోరు పేరు, ఒకసారికి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అన్నవి రాసి ఉంటాయి. దూరపు గురి నేర్చుకోవాలంటే సున్నా కట్టడానికే (ఒక దూరంలో గురి పెట్టిన చోటే గుండు తగిలేలా దిద్దడానికే) 20, 30 తూటాలు పోతాయి. ఏడాది కోటా చూసుకోకుండా పోటీ మీద ఆశ పెట్టుకుంటే సాధన సగంలోనే ఆగిపోతుంది. ఇంట్లో మందు కొలిచి తూటాలు మళ్లీ నింపుకుందామనే ఆలోచన పెట్టుకోవద్దు. చట్టం దృష్టిలో అది మందుగుండు తయారీ, దానికి వేరే లైసెన్సు కావాలి. బోరు మార్పించడం, గొట్టం కోసి పొట్టి చేయించడం కూడా ఊరి కమ్మరి కొలిమిలో జరగాల్సిన పనులు కావు.

2019 సవరణ తర్వాత ఒక మనిషి పేర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. తాతగారి 12 బోరు, నాన్నగారి .315 రెండూ ఇప్పటికే మీ పేర ఉంటే కొత్త రైఫిల్‌కు చోటు లేదు. ఒకటి వదులుకోవాలి, అదీ కాగితం మీద.

ఇంకో కాగితం చాలామంది మరిచిపోతారు. తుపాకీ లైసెన్సు వేట అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంట నాశనం చేసే అడవిపంది విషయంలో 11వ సెక్షన్ కింద అధికారం ఉన్న అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే, ఆ రాతలో ఉన్న చోట, ఆ గడువులోపలే కాల్చాలి. అలా చనిపోయిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకుంటే అదే నేరం. అనుమతి రాకపోతే పంట నష్టపరిహారానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి. చేను చుట్టూ కరెంటు తీగ లాగడం, నాటుబాంబు పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ తీగకు రాత్రి పశువుల కోసం వెతుకుతూ వచ్చిన మనిషి తగులుకుంటాడు, గజపతి కొండల ఏనుగూ తగులుకుంటుంది. ఏనుగుల భయంతో .375 లాంటి పెద్ద బోరు అడిగేవారికి ఒకటే మాట: ఏనుగు మీద తుపాకీ ఎత్తే హక్కు రైతుకు ఏ కాగితమూ ఇవ్వదు. ఆ ఆలోచనతో బోరు ఎంచుకోవద్దు.

సరిహద్దు మాట. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరం. చుట్టరికాలు ఇటూ అటూ, పొలాలూ ఇటూ అటూ. కానీ లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఒడిశా వరకే అని ఉంటే, ఆంధ్ర వైపు బావగారి చేనికి రైఫిల్ తీసుకెళ్లడం నేరమే, తూటాలు సంచిలో విడిగా పెట్టుకున్నా సరే. తుపాకీ ఆయనకు "రెండు రోజులకు" ఇచ్చి రావడం అంతకంటే పెద్ద నేరం. గుణుపురం, రాయగడ వైపు వారు పార్వతీపురం మీదుగా గురి పోటీలకు వెళ్లాల్సి వస్తే, ముందే చెల్లుబాటు ప్రాంతం పెంచమని అడగాలి. ఎన్నికల ప్రకటన వచ్చిందంటే జమ చేయమన్న ఉత్తర్వు మీకు వర్తిస్తుందేమో ఠాణాలో కనుక్కోండి. జమ చేస్తే తుపాకీ నంబరు, తూటాల లెక్క రాసిన రసీదు తీసుకోండి.

ఇప్పుడు దూరం. పంట కాపలాలో కాల్పు నిజంగా జరిగేది 40, 60 గజాల్లో. గట్టు మీద నుంచి అయితే 100. ఆ దూరానికి .315 చాలు. 244 గ్రెయిన్ల బరువైన గుండు, నెమ్మదైన వేగం. 150 గజాలు దాటితే గుండు త్వరగా కిందికి వాలుతుంది, అందుకే అది దూరపు తూటా కాదు. .30-06 లో 180 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 200 గజాలకు సున్నా కడితే 300 గజాల దగ్గర జానెడు కిందికి, 400 దగ్గర దాదాపు రెండు అడుగులు కిందికి పడుతుంది. పందిలో ప్రాణం పోయే చోటు కూడా జానెడే. అంటే 300 గజాల దగ్గర దూరం అంచనా తప్పితే గుండు పొట్టలో తగులుతుంది. గాయపడిన పంది జీడితోటలో దాక్కుని, తెల్లారి పిక్కలేరే ఆడవాళ్ల మీదికి వస్తుంది. కాబట్టి పంట కాపలాకు మా లెక్కలో 150 గజాలే హద్దు, తూటా ఎంత దూరం పోగలదన్నా సరే. దూరపు గురి రేంజ్‌లో కాగితం మీద, ఇనుప పలక మీద నేర్చుకోవాల్సిన విద్య. అంతర్జాతీయ 300 మీటర్ల రైఫిల్ పోటీల్లో బోరు 8 ఎం.ఎం. మించకూడదు, కాబట్టి పోటీకి కూడా పెద్ద మ్యాగ్నమ్ అక్కర్లేదు.

కొండవాలులో ఇంకో పొరపాటు జరుగుతుంది. గుండు వాలడం అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టే. 30 డిగ్రీల వాలులో కంటికి 300 గజాలు కనిపిస్తే లెక్కకు 260 గజాలే. ఇది తెలియక 300 కు గురి దిద్దితే గుండు పైనుంచి పోతుంది. పోయిన గుండు ఆగాలి కదా. .30-06 గుండు గాలిలో 4 కిలోమీటర్లకు పైగా పోగలదు. .22 చిన్నదే అయినా కిలోమీటరు దాటుతుంది. వెనక మట్టి గట్టు లేకుండా చదునైన వరిచేల మీదుగా ఎప్పుడూ కాల్చకూడదు. మెరక మీద నిలబడి ఆకాశం వెనకగా కనిపించే జంతువు మీద అసలే వద్దు.

పేర్లు మోసం చేస్తాయి. .308 కీ .30-06 కీ గుండు వ్యాసం ఒకటే, 0.308 అంగుళం. కేసు మాత్రం ఒకటి 51 ఎం.ఎం., ఇంకోటి 63. .30-06 ఛాంబర్లో .308 తూటా లోపలికి వదులుగా దిగిపోతుంది, పేలితే ముందు ఆసరా లేని ఇత్తడి చీలి వేడి గాలి బోల్ట్ వైపు తన్నుతుంది. .270 విన్‌చెస్టర్ కేసు .30-06 కేసుకు దగ్గరి చుట్టమే కాబట్టి చూపుకు రెండూ కవలల్లా ఉంటాయి. బోల్ట్ మూసుకోకపోతే అరచేత్తో కొట్టకండి, తూటా బయటికి తీసి అడుగున ముద్ర చదవండి. 8 ఎం.ఎం. అనే మాట మరీ ప్రమాదం, .315 నూ అలాగే పిలుస్తారు. మన .315 అంచు ఉన్న 50 ఎం.ఎం. కేసు; 8 ఎం.ఎం. మౌజర్ అంచు లేని 57 ఎం.ఎం. కేసు. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు. ఇంట్లో 12 బోరు కూడా ఉంటే 20 బోరు తూటా ఆ గడప తొక్కకూడదు. అది 12 బోరు గొట్టంలోకి జారి ముందు ఇరుక్కుంటుంది, వెనక 12 వేసి కాలిస్తే గొట్టం చేతిలోనే పగులుతుంది. ఏ బోరు తూటాలు ఆ బోరు పెట్టెలోనే ఉంచండి. చొక్కా జేబులో కలిపి వేసుకోవద్దు.

లైసెన్సున్న తయారీదారుకు రాసిచ్చే కాగితంలో ఇవి ఉండాలి. తూటా పూర్తి పేరు, గుండు బరువు. .30-06 కు పొడవు యాక్షన్ కావాలి, తూటా మొత్తం పొడవు 3.34 అంగుళాల వరకు ఉంటుంది. మ్యాగజైన్ అంతకంటే పొట్టిగా ఉంటే తూటా ఇరుక్కుంటుంది. గొట్టంలో మెలిక 10 అంగుళాలకు ఒక చుట్టు, 150 నుంచి 220 గ్రెయిన్ల దాకా అది నడుస్తుంది. ఛాంబర్ ముందున్న గొంతును మీ డీలర్ దగ్గర దొరికే తూటాకే కోయమనండి, బొమ్మల పుస్తకంలోని తూటాకు కాదు. రైఫిల్ మరీ తేలిక చేయించవద్దు. .30-06 తన్ను 6.5 క్రీడ్‌మూర్ తన్నుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. మూడున్నర కిలోలకు తగ్గితే భుజం భయపడుతుంది, భయపడిన భుజం మీట లాగేటప్పుడు కదులుతుంది. గొట్టం ఆయుష్షు గురించి పంట కాపలాకు బెంగ అక్కర్లేదు. మ్యాగ్నమ్‌లు వెయ్యి, పదిహేను వందల కాల్పుల్లో గొంతు తినేస్తాయి, .30-06 చాలా ఎక్కువ కాలం ఆగుతుంది.

చేతికి తీసుకునే రోజు హెడ్‌స్పేస్ మీ కళ్ల ముందే చూపించమనండి. బోల్ట్ ముఖానికీ, తూటా ఆనుకునే భుజానికీ మధ్య దూరమది, అంచు ఉన్న .315 లో అయితే అంచు మందం. 'గో' గేజ్ (కొలత చూసే ఉక్కు ముక్క) మీద బోల్ట్ మూసుకోవాలి, 'నో-గో' మీద మూసుకోకూడదు. ఎక్కువైతే కేసు వెనక భాగం తెగి ముఖానికి ముప్పు. మొదటి ఐదు కాల్పుల ఖాళీ కేసులు దాచండి. ప్రైమర్ చదునుగా నలిగినా, చుట్టూ మసి కారినా, బోల్ట్ ఎత్తడానికి బలం కావాల్సి వచ్చినా అక్కడే ఆగిపోవాలి.

కోతల ముందు నెలల్లో మన తేమ, అంతకుముందు మన ఎండ, రెండూ తూటాకు శత్రువులే. ఏప్రిల్, మే ఎండలో మూసిన కారు డాష్‌బోర్డు మీద కాగిన తూటాలో పీడనం పెరుగుతుంది. .30-06 కు గరిష్ఠ పీడనమే చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు, దాని పైన ఇంకా పెంచే పని వద్దు. వానాకాలంలో ప్రైమర్ చెమ్మగిల్లుతుంది. మీట లాగినా పేలకపోతే, గొట్టం గట్టు వైపే ఉంచి 30 సెకన్లు ఆగి అప్పుడు బోల్ట్ తీయండి. ఎప్పటి చప్పుడు కాకుండా "టప్" మని వినిపిస్తే గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు. రెండో తూటా వేయకుండా, ఖాళీ చేసి, బోల్ట్ తీసి, వెనక నుంచి వెలుతురు కనిపిస్తుందా చూడండి. మూల నిలబెట్టిన రైఫిల్ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు కడుతుంది. అదీ అంతే ప్రమాదం. పొలానికి వెళ్లేటప్పుడు మూతికి ఒక పొర సన్న టేపు అంటిస్తే వాన, మట్టి లోపలికి పోవు. మొదటి కాల్పుకు ముందు పొడి గుడ్డతో లోపలి నూనె తుడిచేయాలి. పాత నిల్వ తూటాల్లో ప్రైమర్ తుప్పు పట్టించే రకం కావచ్చు. ఆ మసిలో ఉప్పు ఉంటుంది, అది నూనెతో పోదు. వేడి నీళ్లతో గొట్టం కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి. గంజాం తీరపు గాలికి ఈ పని ఆ రాత్రే చేయకపోతే తెల్లారేసరికి గొట్టంలో ఎర్రగా కనిపిస్తుంది.

చివరగా గొట్టం మీద బోరు పేరు చెక్కించారో లేదో, ఆ పేరు, తుపాకీ నంబరు లైసెన్సులో ఎక్కించిన వాటితో అక్షరం పొల్లు పోకుండా సరిపోయాయో లేదో డీలర్ గుమ్మం దాటకముందే చూసుకోండి. చెక్కడం లేకపోతే రైఫిల్ తీసుకోకండి.