బీసీఆర్-ఏబీఎల్ అంకె పెరిగిందా? ముందు ల్యాబ్ పేరు చూడండి

సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కి మాత్రలు వాడుతూ రక్తంలో ఆ జబ్బు జన్యువు బీసీఆర్-ఏబీఎల్ ఎంత శాతం ఉందో చూసే పీసీఆర్ పరీక్ష మూడు నెలలకోసారి చేయించుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. జబ్బేమిటో, మాత్ర ఎందుకో మీకు తెలుసు కాబట్టి అది వదిలేస్తున్నా. కావలి నుంచీ ఒంగోలు నుంచీ నాకు వాట్సాప్‌లో వచ్చేవాటిలో ఎక్కువ ఒకటే మాట: "పెరిగిందన్నా, ఏం చెయ్యాల?" కింద ఫొటో, అందులో అంకె ఒక్కటే. మిగతా పేజీ కత్తిరించేస్తారు. కావాల్సిన సంగతులన్నీ ఆ మిగతా పేజీలోనే ఉంటాయి.

సమస్య: పోయినసారి కన్నా అంకె ఎక్కువ వచ్చింది

మొదట మాత్రలు. మానేశారా అని అడిగితే ఎవరూ అవుననరు. షీట్లో మిగిలినవి లెక్కపెట్టమంటే తెలుస్తుంది. నెలకి మూడు రోజులు తప్పినా పదో వంతు పోయినట్టే. 2010లో వచ్చిన లండన్ పరిశోధనలో ఇమాటినిబ్ (సీఎంఎల్ మాత్రల్లో ఒకటి) 90 శాతానికి మించి వాడినవాళ్లలో దాదాపు అందరూ పీసీఆర్‌లో 0.1 శాతానికి దిగారు, అంతకు తగ్గినవాళ్లలో మూడో వంతు కూడా దిగలేదు. వికారమని రోజు విడిచి రోజు వేసుకోకండి. ఇమాటినిబ్ అయితే భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో. నిలోటినిబ్ అయితే ఖాళీ కడుపుతోనే.

మాత్రలు సరిగ్గానే వేసుకుంటున్నారా? అయితే ల్యాబ్ మారిందేమో చూడండి. అందరినీ బోల్తా కొట్టించేది ఇదే.

ఒక్కో ల్యాబ్ యంత్రం, రసాయనాలు వేరు. అందుకే ప్రతి ల్యాబూ తన లెక్కని ఒక గుణకంతో హెచ్చవేసి అంతర్జాతీయ కొలతకి తేవాలి. అలా తెచ్చిన అంకె పక్కన ‘ఐఎస్’ అని ఉంటుంది. అది లేకపోతే రెండు ల్యాబ్‌ల అంకెల్ని పక్కపక్కన పెట్టకూడదు. వడ్లకి నెల్లూరు పుట్టి 850 కిలోలు, ఇంకోచోట పుట్టి లెక్క వేరు. ఇదీ అంతే. జనవరిలో చెన్నైలో 0.08 ఐఎస్ వచ్చి, ఏప్రిల్‌లో ఐఎస్ లేని రిపోర్టులో 0.21 వస్తే జబ్బు పెరిగిందని చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం.

"ల్యాబ్ మార్చలేదన్నా, అదే సెంటర్" అంటారు. బోర్డు అదే. మన ఊళ్లో ఉన్నది రక్తం తీసే సెంటర్ మాత్రమే. శాంపిల్ హైదరాబాద్ పోయిందో, చెన్నై పోయిందో, మధ్యలో కంపెనీయే మారిందో మనకి చెప్పరు. పరీక్ష ఎక్కడ జరిగిందో రిపోర్టులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాత రిపోర్టుతో ఆ లైను పోల్చండి.

ఇంకో లైను, శాంపిల్ పరీక్షకి సరిపోయేలా ఉందో లేదో చెప్పే ఏబీఎల్ కాపీల సంఖ్య. అది 10,000 కన్నా తక్కువుంటే ‘కనబడలేదు’ అన్న ఫలితాన్ని కూడా నమ్మి సంబరపడొద్దు. ఈ పరీక్ష కొలిచే ఆర్ఎన్ఏ, తీసిన రక్తంలో త్వరగా పాడవుతుంది. శనివారం సాయంత్రం ఇస్తే కొరియర్ సోమవారం కదులుతుంది, అదీ రోహిణి ఎండల్లో! వారం మొదట్లో పొద్దున్నే ఇవ్వండి, బండి ఎన్నింటికి పోతుందో అడిగి మరీ ఇవ్వండి.

పరిష్కారం: పాత ల్యాబ్‌లోనే, ఐఎస్ కొలతలో మళ్లీ చేయించడం. ఎప్పుడన్నది మీ డాక్టరు చెబుతారు. ఈలోగా మాత్ర ఆపొద్దు, డోసు మార్చొద్దు. అదే ల్యాబ్‌లో 0.02 కాస్తా 0.04 అయితే టెన్షన్ వద్దు, ఆ కింది స్థాయిలో రెట్టింపు మామూలు ఊగిసలాటే. 0.1 లోపలున్నది దాటిపోతే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.

సమస్య: రక్తకణాల కౌంట్ నార్మల్, పీసీఆర్ మాత్రం ఎక్కువ

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఇది సహజం. కౌంట్ వారాల్లో దిగుతుంది, పీసీఆర్‌కి నెలలు పడుతుంది. 3 నెలలకి 10 శాతం, 6 నెలలకి 1, ఏడాదికి 0.1 లోపుకి రావాలి. ఫిష్ పరీక్ష శాతాన్ని వీటితో కలపకండి, అది వేరే పరీక్ష.

మిగతా కారణాలు

టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ లాంటివి ఇమాటినిబ్ బలం తగ్గిస్తాయి. డాసాటినిబ్ వాడుతూ మెడికల్ షాపులో గ్యాస్ మాత్ర కొనుక్కుంటే అదీ ఇబ్బందే. మాత్ర పనిచేయకుండా చేసే టీ315ఐ లాంటి మ్యుటేషన్ (జన్యువులో మార్పు) గురించి నెట్‌లో చదివి నిద్ర మానుకునేవాళ్లున్నారు. మాత్రలు, ల్యాబ్ రెండూ సరిగ్గా ఉండి అంకె పెరుగుతూనే ఉంటే డాక్టరే ఆ పరీక్ష రాస్తారు.