లొకేషన్‌లో పోర్ట్రెయిట్ ఎలా తీయాలి? ముందు మనిషిని ఎక్కడ నిలబెట్టాలో చూడండి

మంచి లొకేషన్ దొరకగానే చాలామంది చేసే పని ఒకటే. మనిషిని అందమైన గోడకు ఆనించి నిలబెడతారు, పదడుగులు వెనక్కి వస్తారు, నొక్కేస్తారు. ఫొటోలో గోడ బ్రహ్మాండంగా పడుతుంది. మొహం మాత్రం కళ్ల కింద నల్లటి గుంటలతో మూడు రోజులు నిద్ర లేనట్టుంటుంది. ఆ తర్వాత కెమెరా మార్చాలేమో అంటారు!

కావలసినవి: కెమెరా, 50 లేదా 85 ఎంఎం లెన్స్, ఒక తెల్ల థర్మాకోల్ షీటు. ఫోనైతే 2ఎక్స్ జూమ్‌లో పెట్టి తీయండి. 1ఎక్స్‌తో మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దగా కనిపిస్తుంది.

1. ముందే ఒకసారి చూసి రండి. షూట్ ఏ టైముకో ఆ టైముకే వెళ్లండి. పొద్దున చూసొచ్చి సాయంత్రం తీస్తామంటే, అప్పటికి ఎండ అటునుంచి ఇటు మారిపోయి ఉంటుంది.

2. మొహానికి వెలుగు వెతకండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. ముందు బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకుని, తర్వాత వెలుతురు సంగతి చూద్దాం అనుకుంటే పని చెడినట్టే. వెలుగు ముందు, గోడ తర్వాత.

పిడికిలి బిగించి మొహం ఎత్తున పట్టుకోండి. అక్కడే నిలబడి మెల్లగా ఒక చుట్టు తిరగండి. ఒకవైపు తిరిగినప్పుడు వేళ్ల కణుపుల మధ్య నీడలు కత్తితో గీసినట్టు నల్లగా కనిపిస్తాయి. ఇంకోవైపు తిరిగేసరికి అవే నీడలు మెత్తబడతాయి. మనిషి మొహం తిరగాల్సింది ఆ మెత్తని వైపుకే. తిప్పాక కళ్లలోకి చూడండి, తెల్లటి మెరుపు చుక్క కనిపించాలి. అది లేకపోతే ఎంత నవ్వించినా ఫొటోలో జీవం రాదు.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నాకు నచ్చే చోటు గుమ్మం, వరండా, ఏదైనా పెద్ద బిల్డింగ్ నీడ. నీడలో ఎక్కడో కాదు, నీడ అంచు నుంచి ఒకటి రెండడుగులు లోపల, మొహం బయటికి పెట్టి నిలబెట్టాలి. గుమ్మమైనా వరండా అయినా పైకప్పు నెత్తి మీది వెలుతురును ఆపేస్తుంది, ఎదురుగా ఉన్న ఆకాశం మొహాన్ని వెలిగిస్తుంది. కళ్ల కింది గుంటలు వాటంతటవే పోతాయి. మరీ లోపలికి వెళ్తే వెలుతురు చచ్చిపోతుంది. అడుగడుగుకీ తేడా కనిపిస్తుంది కాబట్టి మనిషిని ముందుకూ వెనక్కీ జరిపి చూడండి, బద్ధకించకండి.

చెట్టు నీడను మాత్రం నమ్మకండి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చ చెంప మీదో ముక్కు మీదో తెల్లగా కాలిపోతుంది, దాన్ని ఎడిటింగ్ కూడా కాపాడలేదు. పచ్చగడ్డి ఇంకో మోసం. ఎండ తగిలిన గడ్డి కింద నుంచి పచ్చ రంగు కొడుతుంది. ఒకసారి నేను గంటసేపు అలాగే తీసి, ఇంటికొచ్చి చూస్తే అందరి గడ్డాలూ పచ్చగా ఉన్నాయి. వైట్ బ్యాలెన్స్ (ఫొటో మొత్తం రంగుల తూకం) సరిచేస్తే గడ్డం బాగుపడి నుదురు గులాబీ రంగుకు తిరిగింది. గడ్డి ఉంటే మనిషి ముందు ఆ తెల్ల షీటు పరిచేయండి.

3. గోడ నుంచి విడదీయండి. కనీసం పదడుగుల దూరం. గోడకు అంటుకుని నిలబడితే పాస్‌పోర్ట్ ఫొటో వాలకం వచ్చేస్తుంది. అలాగని లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచి, అంటే ఎఫ్ 1.8 పెట్టి వెనకున్నదంతా పిండి చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏ చోటో తెలియనంత బ్లర్ కావాలంటే అంతదూరం వెళ్లడం దేనికి, పెరట్లో తీసుకోవచ్చుగా! రంధ్రం కాస్త చిన్నదయ్యేలా ఎఫ్ 4 పెట్టండి. మనిషి తేలతాడు, చోటూ తెలుస్తుంది. చోటు ఇంకా ఎక్కువ కనబడాలంటే 35 ఎంఎం లెన్స్ వాడండి, కానీ మనిషిని ఫ్రేమ్ అంచుకు నెట్టకండి, సాగినట్టు కనిపిస్తాడు.

4. తల వెనక ఏముందో చూడండి. కరెంటు స్తంభం తలలోంచి మొలవకూడదు, దూరాన నేలా ఆకాశం కలిసే గీత మెడను కోయకూడదు. మీరు అరడుగు పక్కకు జరిగినా, కాస్త వంగినా సరిపోతుంది.

5. తీయండి. ఫోకస్ దగ్గరి కంటి మీద, షటర్ స్పీడు సెకనులో 200వ వంతు. వెనక బాగా వెలుతురుంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు రెట్టింపయ్యేలా) పెంచండి. ఆకాశం తెల్లబడితే తెల్లబడనివ్వండి, మనం తీస్తున్నది ఆకాశాన్ని కాదు.