టంబుల్‌వీడ్ అంటే ఏంటో పిల్లలకి చెప్పాలంటే సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళండి

మా మేనకోడలు ఏడో క్లాసు. ఎక్కడో టంబుల్‌వీడ్ అనే మాట చదివిందంట, అర్థం చూస్తే దొర్లే కలుపు మొక్క అని ఉందంట, "మావయ్యా, మొక్కకి వేరు ఉంటుంది కదా, ఎలా దొర్లుతుంది?" అని పట్టుకుంది. చాలా మంచి ప్రశ్న అండి అది. మన గోదావరి డెల్టాలో కలుపంటే వరిచేలో ఊద, తుంగ, వంగి పీకితే తప్ప కదలవు, కాబట్టి కలుపు అనే మాటతో మొదలుపెట్టకండి, అక్కడే బుర్ర ఆగిపోతుంది.

ముందు మనది చూపించండి. రావణాసురుడి మీసాలు. అంతర్వేది, ఓడలరేవు వైపు సరుగుడు తోటలు దాటి ఇసక దిబ్బల మీదకి వెళ్తే బిరుసుగా, కొసలు సూదుల్లా ఉండే గడ్డి గుబురులు కనిపిస్తాయి, అదే. చెప్పులు మాత్రం విప్పొద్దు. ఇందులో మగ మొక్క వేరు ఆడ మొక్క వేరు, ఆడ మొక్కకి మాత్రమే పెద్ద ముళ్ళ బంతి కాస్తుంది, అందుకని ఒక గుబురులో కనపడలేదని వెనక్కి వచ్చేయకుండా ఇంకో నాలుగు చూడండి.

మధ్యాహ్నం దాటాక వెళ్తే మంచిది, సముద్రం గాలి బాగా లేస్తుంది. ఎండి రాలిన బంతి ఒకటి వెతికి రెండు సూదులు పట్టుకుని మెల్లగా ఎత్తి పొడి ఇసక మీద వదలండి. మా పాప వదిలింది. ముందు ఒక్క క్షణం వణికింది, తర్వాత సూదుల మొనల మీద లేచి, చక్రంలాగా, అసలు ఇసకని తాకుతుందా లేదా అన్నట్టు పోయింది, పాప దాని వెనకాలే పరుగు. తడి ఇసక మీదకి రాగానే ఆగింది. దగ్గర కూర్చుని చూస్తే ప్రతి సూది మొదట్లో చిన్న పొట్టులాంటిది ఉంటుంది, గింజ ఉండేది అందులోనే. దొర్లేదంతా గింజలు చల్లుకోడానికే అని అప్పుడు చెప్పండి, ఇంక మర్చిపోరు.

ఇప్పుడు అమెరికా కథ చెప్పొచ్చు. టంబుల్ అంటే పల్టీలు కొడుతూ దొర్లడం. మన దాంట్లో బంతి ఒక్కటే విడిపోతుంది, తల్లి మొక్క ఇసకని పట్టుకుని అక్కడే ఉంటుంది, కానీ అక్కడి దాంట్లో మొక్క మొత్తం ఎండిపోయి నేల దగ్గర కాడ పుటుక్కున విరిగి వేరు వదిలేసి పోతుంది, మా పాప అడిగిన దానికి జవాబు ఇదే. ఒక్క మొక్క రెండున్నర లక్షల గింజల దాకా మోస్తుంది. కౌబాయ్ సినిమాలు అనగానే గుర్తొచ్చే మొక్కే కానీ టంబుల్‌వీడ్లలో బాగా పేరున్న రష్యన్ తిసిల్ అనే రకం అసలు అక్కడిదే కాదు, 1870ల్లో రష్యా నుంచి డకోటాకి వచ్చిన అవిసె గింజల్లో కలిసి వచ్చింది.

ఇంక ఆ మాటకి రెండో అర్థం. సినిమాల్లో ఖాళీ వీధిలో అది ఒక్కటే దొర్లుకుంటూ పోతుంది కదా, అందుకే ఎవరైనా ఏదో అడిగితే ఒక్కరూ పలకకపోతే టంబుల్‌వీడ్ అంటారు. మనం చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం అంటాం చూడండి, దాదాపు అదే, కాకపోతే ఇందులో ఒక్కరూ పలకలేదన్న ఇబ్బంది కూడా ఉంది.

పచ్చి గుబురు మాత్రం దయచేసి పీకనివ్వకండి, గాలికి దిబ్బ ఎగిరిపోకుండా పట్టుకునేది దాని వేళ్ళే. మా పాప బంతిని ఇంటికి తెస్తానంది, గింజలు ఇక్కడే పడాలి కదా అంటే ఒప్పుకుని తీసుకెళ్ళి మళ్ళీ పొడి ఇసకలో పెట్టింది, మేం బండి దగ్గరకి వచ్చి తిరిగి చూసేసరికి అది పడవల దాకా పోయింది.