యాడ్ బ్లాకర్ వేశాక బ్రౌజర్ నెమ్మదించిందా? తీసేసే ముందు ఇవి చూడండి

ఫ్యాన్ హోరెత్తుతుంది, ట్యాబ్ మారిస్తే తెల్లతెర కనిపిస్తుంది, మెమరీ నిండిపోతుంది. అనుమానం నేరుగా యాడ్ బ్లాకర్ మీదకు పోతుంది. చాలామంది వెంటనే దాన్ని తీసేస్తారు. ఆపైన ప్రకటనలన్నీ లోడవడంతో బ్రౌజర్ ఇంకా మొరాయిస్తుంది. నిమిషంలో అయిపోయే చెకింగ్ ఒకటుంది, ఎవరూ చేయరు. దయచేసి ముందు అది చేయండి.

మొదట: మెమరీ తింటున్నది ఏది?

విండోస్ టాస్క్ మేనేజర్ కాదు, బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ తెరవండి. విండోస్‌లో క్రోమ్, ఎడ్జ్ వాడేవాళ్లు షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే చాలు. ఫైర్‌ఫాక్స్‌లో మెనూలోని మోర్ టూల్స్ కింద ఉంటుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో అక్కడ తెలుస్తుంది.

ఎక్స్‌టెన్షనే ఎక్కువ తింటుంటే

బ్రౌజర్ తెరవగానే, ఫిల్టర్ లిస్టులు (దేన్ని ఆపాలో, దేన్ని దాచాలో బ్లాకర్‌కు చెప్పే జాబితాలు) అప్‌డేట్ అయినప్పుడు సీపీయూ కాసేపు పెరగడం మామూలే. ఈజీలిస్ట్ అనే లిస్టు ఒక్కదాంట్లోనే వేలకొద్దీ రూల్స్ ఉంటాయి, వాటన్నిటినీ చదివి పేర్చుకోవాలి కదా. కాసేపటికి తగ్గితే వదిలేయండి.

తగ్గకపోతే రెండు బ్లాకర్లు ఉన్నాయేమో చూడండి. ఎప్పుడో వేసి మరిచిపోయినది సింక్‌తో పాటు కొత్త కంప్యూటర్‌లోకీ వచ్చేస్తుంది. ఒకే పనికి ఇద్దరు కాపలా: రెండూ తమ లిస్టులను విడివిడిగా మెమరీలో పెట్టుకుంటాయి, అదనంగా ఆగే ప్రకటనలు మాత్రం దాదాపు ఉండవు. ఒకదాన్ని తీసేయండి. మీరు చూడని భాషల లిస్టులకు టిక్ కూడా తీసేయండి.

ఎక్స్‌టెన్షన్ మామూలుగానే ఉంది, ట్యాబ్ మాత్రం విపరీతంగా తింటోంది

అందరూ బోల్తా పడేది ఇక్కడే. అంకెలు చూసి "బ్లాకర్ తప్పేం లేదు, సైటే చెత్తది" అని తేల్చేస్తారు.

బ్లాకర్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, ప్రకటనల రిక్వెస్టులను (వాటిని తెచ్చిపెట్టమని పేజీ పంపే అభ్యర్థనలను) ఆపడం. రెండోది, పేజీలో మిగిలిపోయిన ఖాళీ పెట్టెలను, స్పాన్సర్డ్ పోస్టులను దాచడం. ఈ రెండో పని కోసం అది తన స్క్రిప్టును, స్టైల్ రూల్స్‌ను పేజీ లోపలికే పంపుతుంది. అక్కడ అయ్యే ఖర్చంతా ట్యాబ్ లెక్కలోకి పోతుంది, ఎక్స్‌టెన్షన్ లెక్కలో కనిపించదు.

పేజీలోని ఒక్కో ఫ్రేమ్‌కూ (పేజీ లోపల తెరుచుకునే మరో చిన్న పేజీకి) ఈ ఖర్చు ఉండొచ్చు. 2014లో ఫైర్‌ఫాక్స్‌లో యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ వాడినప్పుడు ఒక్కో ఫ్రేమ్‌కు సుమారు 4 ఎంబీ పోయేది. వందల ఫ్రేములున్న పేజీ తెరిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. 2015లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 41 ఆ స్టైల్ రూల్స్‌ను అన్ని ఫ్రేములూ పంచుకునేలా చేసి చాలావరకు సరిచేసింది. సీపీయూ గొడవ మాత్రం ఇప్పటికీ ఉంది. కిందికి జరిపేకొద్దీ కొత్త పోస్టులు వచ్చే పేజీల్లో, ప్రతి మార్పుకూ బ్లాకర్ మళ్లీ వెతకాలి. "ఫలానా మాట ఉన్న పెట్టెను దాచు" తరహా ఫిల్టర్లయితే ఇంకా బరువు. ఎక్కడో దొరికినవి కాపీ చేసి బ్లాకర్ సెట్టింగ్స్‌లోని మై ఫిల్టర్స్‌లో అతికించేవాళ్లు ముందు వాటిని ఆపి చూడాలి.

రుజువు చేసుకోవడం తేలికే. అదే పేజీని ప్రైవేట్ విండోలో తెరిచి, అంతే దూరం స్క్రోల్ చేయండి. మీరు అనుమతి ఇస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ ట్యాబ్ తేలికగా ఉంటే బ్లాకర్‌కో, మరో ఎక్స్‌టెన్షన్‌కో సంబంధం ఉండొచ్చు. అంతే బరువుగానో, ఇంకా ఎక్కువగానో ఉంటే తప్పు చాలావరకు సైట్‌దే.

పరిష్కారం: మీది యూబ్లాక్ ఆరిజిన్ అనే బ్లాకర్ అయితే, దాని గుర్తు నొక్కితే వచ్చే పాపప్‌లో కన్ను గుర్తు నొక్కండి. ఆ సైట్ వరకు దాచే పని ఆగుతుంది, రిక్వెస్టులను ఆపే పని నడుస్తూనే ఉంటుంది. ఖాళీ పెట్టెలు కనబడతాయి, అంతే. దాని తేలిక రూపం యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అయితే ఆ సైట్‌ను బేసిక్ మోడ్‌లో పెట్టండి. ర్యామ్ తక్కువున్న మెషీన్‌లో యూబ్లాక్ ఆరిజిన్ ఫిల్టర్ లిస్టుల పేజీకి వెళ్లి, జెనరిక్ కాస్మెటిక్ ఫిల్టర్లను (ఏ సైట్‌లోనైనా వర్తించే దాచే రూల్స్‌ను) పట్టించుకోవద్దనే ఆప్షన్‌కు టిక్ పెట్టండి.

కన్ను గుర్తు నొక్కినా తగ్గకపోతే యూబ్లాక్ ఆరిజిన్ లాగర్ (పేజీ పంపే రిక్వెస్టులను వరుసగా చూపే జాబితా) తెరవండి. ఒకే రిక్వెస్టు ఆగకుండా వస్తుంటే, బ్లాక్ అయినదాన్ని ఆ సైట్ స్క్రిప్టు పదేపదే అడుగుతోందన్నమాట. ఆ సైట్‌లో ఆ ఒక్క రిక్వెస్టును ఆపకుండా అనుమతించండి.

ప్రొఫైల్ (బ్రౌజర్ మీ సెట్టింగ్స్ దాచుకునే ఫోల్డర్) చెడిపోవడం, గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ లాంటివి అరుదు. ఇవన్నీ చేశాకే కొత్త ప్రొఫైల్‌లో బ్లాకర్ ఒక్కటే వేసి చూడండి.